ఆఖరి బల్ల మీద మూడు వారాలు

రిటైరైన రోజున నాకు శాలువా కప్పి, మంచి టీచరని చాలామంది మాట్లాడారు. నేను వద్దనలేదు. మెడ వంచి బుద్ధిగా కప్పించుకున్నాను. అయితే కొత్తగా బళ్ళలో టీచర్లుగా చేరిన కుర్రవాళ్ళు ఎవరైనా ఇంటికొచ్చి, "మీ కాలంలో ట్రైనింగ్ చాలా గట్టిగా ఉండేదంట కదా సార్" అంటే మాత్రం నాకు తాగే కాఫీ గొంతులో అడ్డం పడుతుంది. గట్టిగానే ఉండి ఉంటుంది. నేను వెళితే కదా తెలిసేది!

ఏడాది కోర్సులో సగానికి సగం క్లాసులు ఎగ్గొట్టి, ఆఖరి పరీక్ష ముందర నిలబడ్డవాణ్ణి నేను. ఎలా గట్టెక్కానో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఊడే ఉద్యోగం లేదు కాబట్టి చెబుతున్నాను. చదివి మీరు కూడా ఎగ్గొట్టమని కాదు. నాకు దొరికినటువంటి టీచరమ్మ మీకు దొరుకుతుందన్న పూచీ నేను ఇవ్వలేను.

జిల్లా బోర్డు పోయి జిల్లా పరిషత్తు వచ్చిన కొత్త అది. మాది మనుబోలు పక్కన మాగాణి సేద్యం చేసుకునే కుటుంబం. ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. బి.ఏ. అవుతూనే ముత్తుకూరు అవతల, ఉప్పు మళ్ళ దగ్గరున్న ఒక హైస్కూల్లో సోషల్ టీచరుగా వేశారు. ట్రైనింగైన వాళ్ళు దొరక్క, కానివాళ్ళని కూడా తీసుకునేవాళ్ళు అప్పట్లో. మూడేళ్ళు పనిచేశాక ఆర్డరొచ్చింది. ఏడాది పాటు నెల్లూరు వెళ్ళి ట్రైనింగ్ కాలేజీలో చదవాలి. పాసైతే ఉద్యోగం పర్మనెంటు. తప్పితే ఆ ఖాళీలో ట్రైనింగైన వాణ్ణి వేసుకుంటారు, నేను ఇంటికి పోయి నాగలి పట్టుకోవాలి. ఆర్డర్లో ఇన్ని మాటలు లేవుగానీ, అర్థం మాత్రం ఇదే.

ఆర్డరు చూసి నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళుగా పాఠాలు చెబుతున్నవాడికి పాఠం చెప్పడం నేర్పుతారా? నా గొంతు ఊరి చివరున్న మూలస్థానం గుడి దాకా వినపడుతుందని మా హెడ్మాస్టరే అనేవారు. నేను క్లాసులోకి అడుగు పెడితే పిల్లలు చప్పుడు చెయ్యరు. గంట కొట్టేదాకా చెబుతూనే ఉంటాను, వాళ్ళు కళ్ళార్పకుండా చూస్తూనే ఉంటారు. ఇంతకంటే ఏం కావాలి? ఆ చూపులో ఏముందో ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.

ఆ పొగరుతోనే కాలేజీలో చేరాను. మొదటి వారం మెథడ్స్ చెప్పే లెక్చరరుగారు బోర్డు మీద పాఠ్య పథకం గీశారు. పాఠం మొదలెట్టే ముందు మూడు నాలుగు ప్రశ్నలు వెయ్యాలట. ఆ ప్రశ్నలతో పిల్లల నోటినుంచే పాఠం పేరు రాబట్టాలట. దానికి ఉన్ముఖీకరణం అని నోరు తిరగని పేరొకటి. అది రాబట్టాకనే పేరు బోర్డు మీద రాయాలట. నాకు నవ్వొచ్చింది. పేరేదో మనమే చెప్పేస్తే నాలుగు నిమిషాలు మిగులుతాయి కదా అనుకున్నాను. ఆ మధ్యాహ్నం నుంచే నా కాళ్ళు బాల్ బ్యాడ్మింటన్ కోర్టు వైపు తిరిగాయి.

ఇప్పటి పిల్లలకి ఆ ఆట పెద్దగా తెలియదు. పసుప్పచ్చ ఉన్ని బంతి, పొడుగాటి రాకెట్టు, జట్టుకి ఐదుగురు. మా వైపు ఆ రోజుల్లో దానికి పడి చచ్చేవాళ్ళు. గూడూరులో, కావలిలో టోర్నమెంట్లు జరిగేవి. నేను ముందు వరసలో ఎడమ పక్క ఆడేవాణ్ణి. బాగా ఆడేవాణ్ణి కూడా, దాచుకోవడం దేనికి! ఒక టోర్నమెంటుకి ప్రాక్టీసు, అది అవగానే ఇంకోదానికి ప్రయాణం. సైకాలజీ క్లాసు ఎప్పుడుంటుందో తెలియదుగానీ, ఏ ఊళ్ళో కోర్టు మీద మధ్యాహ్నం ఎండ ఎటుపక్క పడుతుందో చెప్పగలిగేవాణ్ణి.

నా గదిలో ఉండే అబ్బాయిది జువ్వలదిన్నె. వాళ్ళది చేపలవేట మీద బతికే కుటుంబం. వాళ్ళ పల్లె నుంచి టీచరు కాబోతున్న మొదటి మనిషి అతను. ఒక్క క్లాసు మానేవాడు కాదు. నాకంటే రెండేళ్ళు చిన్న. "అన్నా, రేపు సైకాలజీ టెస్టుండాది, వస్తావా?" అని అడిగేవాడు. "నువ్వు రాయి, నేను చూస్తా" అనేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాడు. నా నోట్సు ఖాళీగా ఉందని తన నోట్సు కింద కార్బన్ కాగితం పెట్టి నాకొక నకలు తీసేవాడు. నేను చదవననీ తెలుసు, అయినా తీసేవాడు.

ఫిబ్రవరిలో ప్రిన్సిపాలుగారు పిలిపించారు. ఆయన ముందు అటెండెన్స్ రిజిస్టరు తెరిచి ఉంది.

"మీ పేరు ఆటల వార్తల్లో చదువుతున్నానయ్యా, సంతోషం. ఈ పుస్తకంలో మాత్రం ఎంత వెతికినా కనపడటం లేదు" అన్నారు.

ఆయన రిజిస్టరు నా వైపు తిప్పారు.

"పరీక్షకి ముందు మన కాలేజీ మోడల్ స్కూల్లో ఇరవై పాఠాలు చెప్పాలి. మీరు చెప్పింది ఎనిమిది. ఇంకో మూడు వారాలుంది. మిగతా పన్నెండూ చెప్పి, ఒక్కోదాని కింద ఆ క్లాసు టీచరు సంతకం తీసుకురండి. తెస్తే హాజరు సంగతి నేను చూసుకుంటాను. తేకపోతే మిమ్మల్ని పరీక్షకి పంపను."

బయటికొచ్చి మెట్ల మీద నిలబడి ఆ మూడు వారాలూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. కోర్సులో చేరాక నాకు భయం వెయ్యడం అదే మొదలు. మా నాయన ఊళ్ళో అందరికీ "మావాడు ఉద్యోగస్తుడు" అని చెప్పుకుంటున్నాడు. ఆ మాట మూడు వారాల్లో అబద్ధం అయిపోయేట్టుంది.

భయమైతే వేసిందిగానీ బుద్ధి రాలేదు. గదికి పోయి మా జువ్వలదిన్నె వాడి పాఠ్య పథకాల పుస్తకం తీసుకుని, పన్నెండు పాఠాలు నా పుస్తకంలోకి ఎక్కించేశాను, బొమ్మలతో సహా. చెప్పినా చెప్పకపోయినా కాగితం మీదికైతే వచ్చేశాయి. ఇక సంతకాలే తరువాయి అనుకుని, మర్నాడు పొద్దున మోడల్ స్కూలుకి వెళ్ళాను.

ఆరో తరగతి టీచరమ్మకి యాభై దాటి ఉంటాయి. తెల్లచీర, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. ప్రతి ఏడూ మా కాలేజీ వాళ్ళు ఆ క్లాసు మీద పడి పాఠాలు చెబుతుంటే, ఆవిడ వెనక కూర్చుని పిల్లల కాపీ పుస్తకాలు దిద్దుకుంటూ వినేది. అలా ఎన్ని వందల పాఠాలు విందో ఆవిడకే తెలియాలి. డిగ్రీలు లేవు. మా లెక్చరర్ల లెక్కలో ఆవిడ లేదు. నా లెక్కలో కూడా అంతవరకూ లేదు.

పుస్తకం ఆవిడ ముందు పెట్టి, పరిస్థితి చెప్పుకున్నాను. నాలుగు పేజీలు తిప్పింది.

"ఈ పాఠాలు చెప్పినాడు నాయనా ఒకాయన, పోయిన నెల. ఇదే పడవ బొమ్మ. తెరచాప వంకరగా వచ్చిందని నేనే చెప్పినాను. నీ పడవకీ అట్టనే వంకరబోయిందే!"

నా దొంగతనం బయటపడింది. అయినా తగ్గలేదు. "మూడేళ్ళు పనిచేసిన టీచర్ని మేడమ్ నేను. పాఠం చెప్పడం నాకు కొత్తేం కాదు" అన్నాను.

"అట్టనా" అంది ఆవిడ, కళ్ళజోడు పైకి తోసుకుని. "మరి పాఠం వినడం?"

నేను నా పుస్తకం నా వైపు లాక్కున్నాను.

"చెప్పని పాఠానికి నేను సంతకం పెట్టేది లేదు. పీరియడ్లన్నీ మీవాళ్ళకి ఇచ్చేసినాను, ఖాళీ లేదు. నువ్వొక పని చెయ్యి. ఈ వారమంతా వచ్చి ఆఖరి బల్ల మీద పిల్లల్తో పాటు కూచో. మాట్లాడొద్దు. ఆ తర్వాత డ్రిల్లు పీరియడ్లూ, బడి గంటకి ముందూ ఎట్నో ఒకట్ట నీ పన్నెండూ చెప్పించుకుంటాను."

మూడేళ్ళ సర్వీసున్న మనిషిని పదకొండేళ్ళ పిల్లల పక్కన కూర్చోమంటుంది! కోపంతో తిరిగి వచ్చేద్దామనుకున్నాను. రిజిస్టరు గుర్తొచ్చి ఆగిపోయాను.

ఆ బల్ల కింద నా మోకాళ్ళు పట్టలేదు. పక్కకి తిరిగి, కాళ్ళు దారిలోకి చాపుకుని కూర్చున్నాను. మొదటి రోజు పిల్లలు వెనక్కి తిరిగి నన్ను చూడటంతోనే సరిపోయింది. రెండో రోజుకి అలవాటుపడిపోయారు. మూడో రోజు పక్కనున్న పిల్లలు నన్ను కూడా తమ ఆటలో కలుపుకున్నారు.

ఆ ఆట ఏమిటంటే, పాఠం చెప్పే సారు మొదట ఏ ప్రశ్న వేస్తాడో ముందే చెప్పడం. గోలీలు పందెం. ఆ ఏడు మా కాలేజీ వాళ్ళకి ఉప్పు తయారీ పాఠమంటే మహా ఇష్టం. జేబులో ఒక ఉప్పు పొట్లం వేసుకొస్తే చాలు, బోధనోపకరణం తయారు. అందుకని వచ్చినవాడల్లా అదే పాఠం ఎత్తుకునేవాడు. "పిల్లలూ, పొద్దున ఏం తిన్నారు?" అని మొదలెట్టేవాడు. చద్దన్నం అనేవాళ్ళు. అందులో ఏం కలుపుకున్నారంటే మజ్జిగ అనేవాళ్ళు. ఇంకా అంటే ఊరగాయ అనేవాళ్ళు. అందరూ కలిసి సారుని కాసేపు తిప్పి తిప్పి, ఆఖరుకి ఉప్పు దగ్గరికి తెచ్చి వదిలేవాళ్ళు. సారు మొహం వెలిగిపోయేది. చుట్ట చుట్టిన నల్లగుడ్డ బోర్డు విప్పి మేకుకి తగిలించి, 'ఉప్పు తయారీ' అని రాసేవాడు. మా బల్ల మీద గోలీలు చేతులు మారేవి. నేను నోట్లో రుమాలు కుక్కుకుని నవ్వేవాణ్ణి. వీళ్ళు చేసేది వట్టి తంతు, నేనైతే దుమ్ము దులిపేస్తాను అనుకున్నాను.

రెండో వారం సోమవారం నా వంతు వచ్చింది. పాఠం పెన్నానది. ఉన్ముఖీకరణం, ఉపకరణం అన్నీ పక్కన పెట్టి, ఉప్పు మళ్ళ దగ్గరి మా బళ్ళో చెప్పినట్టే చెప్పాను. ఎక్కడో మైసూరు కొండల్లో పుట్టిందగ్గర్నుంచి మన సముద్రంలో కలిసేదాకా నలభై నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పిల్లలు కళ్ళార్పకుండా చూశారు. గంట కొట్టారు. చొక్కా తడిసిపోయింది, మనసు నిండిపోయింది.

టీచరమ్మ లేచి పిల్లల వైపు తిరిగింది. "పెన్న ఏ దిక్కుకి పోతుందిరా?"

ఎవరూ పలకలేదు. చివరికి మా ఆఖరి బల్ల మీదనుంచి ఒకడు, "బ్రిడ్జి కిందకి టీచర్" అన్నాడు.

రోజూ ఆ నదిని చూసే పిల్లలు. దాని గురించి నలభై నిమిషాలు నేను ఊగిపోతూ చెప్పాను. ఒక్కడి చెవిలో ఒక్క ముక్క పడలేదు. టీచరమ్మ నా పుస్తకం తీసుకుని, పాఠం కింద ఒక్క వాక్యం రాసింది. 'అయ్యవారు బాగా మాట్లాడినారు.' కింద సంతకం పెట్టింది. వెటకారం అని కూడా అనలేను, ఆవిడ మొహంలో నవ్వు లేదు.

పిల్లలంతా బయటికి పోయాక నేను అక్కడే కూర్చుండిపోయాను. మూడేళ్ళు, రోజుకి ఐదేసి పీరియడ్లు, సముద్రపొడ్డున ఆ బళ్ళో నేను చేసిందంతా ఇదేనా అనిపించింది.

"నేనిప్పుడు ఏం చెయ్యాలమ్మా?" అన్నాను. మేడమ్ అనలేదు, అమ్మా అనే వచ్చింది నోటికి.

"నోరు మంచిదే ఇచ్చినాడు దేవుడు. దాన్ని మూసుకోను రాదు నీకు, అంతే" అంది. "ఒక్కటి చెప్తాను, ఇనుకో. ప్రశ్న అడిగినాక నోరు మూసుకోవాల. లోపల్లోపల పది దాకా అంకెలు ఎంచుకో. పదికి ముందు నువ్వే జవాబు చెప్పేసినావో, ఆ పాఠానికి నా సంతకం లేదు."

ఇదేం బ్రహ్మవిద్య అనుకుంటారు. ప్రయత్నించి చూడండి! మొదటిరోజు నాలుగు దాటలేకపోయాను. నలభైమంది పిల్లలు మౌనంగా చూస్తుంటే, ఆ మౌనం నా మీద పడి నొక్కేస్తున్నట్టు ఉండేది. జవాబు నోట్లోంచి దానంతటదే జారిపోయేది. వెనకనుంచి టీచరమ్మ తల అడ్డంగా ఊపేది. ఆ పాఠం పోయినట్టే, మర్నాడు మళ్ళీ చెప్పాలి. రెండు పాఠాలు అలా పోగొట్టుకున్నాను. నాలుగో పాఠానికి పది దాకా వచ్చాను. ఎనిమిది దగ్గర ఒక చెయ్యి లేచింది.

ఆ మూడు వారాలూ రాకెట్టు ముట్టుకోలేదు. పొద్దున్నే బడికి పోయి పాఠం చెప్పడం, పగలంతా ఆఖరి బల్ల, సాయంత్రం మావాడి కార్బన్ నోట్సు. సైకాలజీలో సగం నీలంగా అలుక్కుపోయి ఉండేది. ఆ అలికిన ముక్కలు అతనే చదివి వినిపించేవాడు. ఒక్కసారి కూడా "నేను ముందే చెప్పినాను కదన్నా" అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. పన్నెండో సంతకం మూడో వారం ఆఖరి రోజున పడింది. ప్రిన్సిపాలుగారు పుస్తకమంతా తిరగేసి హాల్ టికెట్ ఇచ్చారు.

రాతపరీక్షలు ఎలాగో రాశాను. అసలైన గండం బోధన పరీక్ష. అందులో తప్పితే మిగతావి పాసైనా లాభం లేదు. ముందురోజు మధ్యాహ్నం చీటీ తీస్తే క్లాసూ, పాఠమూ వచ్చేవి. నాకు ఆరో తరగతి వచ్చింది. విప్పి చూస్తే ఉప్పు తయారీ.

"అదృష్టమన్నా! అందరూ చెప్పే పాఠమే, కండ్లు మూసుకోని చెప్పెయ్యొచ్చు" అని మావాడు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. నేను కూడా పొంగిపోయాను. ఉప్పు మళ్ళ పక్కనే మూడేళ్ళు ఉన్నవాణ్ణి. ఈసారి సొంతంగా పథకం రాసుకున్నాను. ఉన్ముఖీకరణం నాలుగు ప్రశ్నలు, చార్టు, ఉప్పు పొట్లం, ఆఖర్న పునశ్చరణ. శాస్త్రప్రకారం ఒక్కటీ వదల్లేదు.

పరీక్ష రోజున క్లాసు టీచరు గదిలో ఉండకూడదని నిబంధన. టీచరమ్మ వరండాలో కూడా కనపడలేదు. వెనక రెండు కుర్చీలు. ఒకదాంట్లో నేను ఎగ్గొట్టిన మెథడ్స్ లెక్చరరుగారు. రెండో దాంట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన పరీక్షాధికారి. కండువా, చేతిలో ఎర్ర పెన్సిలు. పొద్దుటినుంచీ ఎవరినీ చూసి నవ్వలేదని బయట చెప్పుకున్నారు.

నేను గదిలోకి వెళ్ళగానే పిల్లలందరి మొహాలూ విప్పారాయి. ఆఖరి బల్ల మీద తమతో కూర్చున్న సారు! నాకూ ధైర్యం వచ్చింది. గొంతు సవరించుకుని మొదటి ప్రశ్న వేశాను.

"పిల్లలూ, ఈ రోజు పొద్దున మీరు..."

"ఉప్పు సార్!"

నలభై గొంతులు ఒక్కసారి. గోడలు అదిరాయి. ఎర్ర పెన్సిలు కాగితం మీద ఏదో రాసింది.

నాలుగు ప్రశ్నలు, ఐదు నిమిషాల ఉన్ముఖీకరణం అర నిమిషంలో బూడిదైపోయింది. తడబడుతూ బోర్డు మీద పేరు రాశాను. "ఉప్పు ఎక్కడ నుంచి..." అంటే "సముద్రం సార్!" అన్నారు. "దాన్ని ఎలా..." అంటే "మళ్ళల్లో సార్! ఎండబెట్టి సార్!" అన్నారు. నా పథకంలో ఆఖరి పేజీలో ఉన్న జవాబులు కూడా మూడు నిమిషాల్లో వచ్చేశాయి. మెథడ్స్ మాస్టారు నుదురు పట్టుకున్నారు. ఆ పిల్లలు ఈ పాఠం ఎన్నిసార్లు విన్నారో చీటీ తీసినప్పుడు నాకు గుర్తే రాలేదు. పరీక్షాధికారి, నేను పిల్లలకి ముందే నేర్పి తెచ్చాననుకుంటున్నాడని ఆయన మొహమే చెబుతోంది. అలా అనుకుంటే పాసు చెయ్యడు సరికదా, రిపోర్టు కూడా రాస్తాడు. ఇంకా ముప్పై ఐదు నిమిషాలుంది. నా దగ్గర మాట లేదు.

అప్పుడు చేసింది ధైర్యంతో చేసింది కాదు, దారి లేక చేసింది.

"ఈ పాఠం ఎన్నిసార్లు విన్నారు?" అన్నాను.

"ఏడుసార్లు సార్" అన్నారు గర్వంగా.

"అయితే నేను చెప్పేదేముంది? మీలో ఒకరొచ్చి చెప్పండి. నేను వింటాను" అని సుద్దముక్క బల్ల మీద పెట్టి, పోయి ఆఖరి బల్ల మీద కూర్చున్నాను. పరీక్షాధికారి నా పక్కకి తిరిగి చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు.

ఆడపిల్లల వరసలోంచి రెండు జడల పిల్ల ఒకతి లేచి వచ్చింది. మా కాలేజీ వాళ్ళ మోస్తరుగానే చేతులు వెనక్కి కట్టుకుని, "పిల్లలూ! సముద్రపు నీళ్ళు మళ్ళల్లోకి పెడతారు. ఎండకి నీళ్ళు పోతాయి. ఉప్పు మిగులుతుంది. చక్కగా చెప్పావు, కూర్చో" అని తనకి తనే చెప్పుకుంది. క్లాసు గొల్లుమంది. పెన్సిలు ఆగింది.

నేను కూర్చున్న చోటునుంచే అడిగాను. "నీళ్ళు పోతాయన్నావు కదమ్మా. ఎక్కడికి పోతాయి?"

ఆ పిల్ల నోరు తెరిచి, మళ్ళీ మూసింది. క్లాసంతా చప్పుడు లేదు. ఏడుసార్లు విన్న పాఠంలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను లోపల ఎంచుకోవడం మొదలెట్టాను. ఐదు. జవాబు నా నాలిక చివర ఉంది. ఎనిమిది. పది. పన్నెండు. ఎక్కడో సైకిలు బెల్లు వినపడింది. పదిహేను. నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

"నేల తాగేసుద్ది సార్" అన్నాడొకడు.

తప్పు. కానీ ఎవరూ నేర్పని జవాబు, వాడి సొంతం. నాకు ప్రాణం లేచొచ్చింది. అది తప్పని నేను చెప్పలేదు. "నేల తాగేస్తే, నీళ్ళతో పాటు ఉప్పుని కూడా తాగెయ్యదా?" అన్నాను. ఇంకొకడు తాగుతుందన్నాడు. ఒకమ్మాయి తాగదంది. ఇద్దరూ వాదించుకున్నారు. ఉప్పు మళ్ళ దగ్గర మనుషులు ముందుగా బురదని కాళ్ళతో తొక్కి తొక్కి గచ్చులాగా చేస్తారని, నేను రోజూ బడికి పోతూ చూసింది చెప్పాను. ఎందుకు తొక్కుతారు? నీళ్ళు ఇంకకుండా! అయితే నీళ్ళు కిందికి పోలేదు. మరెక్కడికి? మళ్ళీ మౌనం. ఈసారి నాకు భయం వెయ్యలేదు. రెండు జడల పిల్లే, "మా అమ్మ చీర ఆరేస్తే ఎండకి ఆరిపోద్ది. ఆ నీళ్ళు కిందకి కారవు సార్, గాల్లోకే పోతాయి!" అంది. అరిచినంత పని చేసింది. అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలెట్టారు. గంట కొట్టారు.

చార్టు విప్పలేదు. ఉప్పు పొట్లం జేబులోనే ఉంది. పునశ్చరణ లేదు. పిల్లల్ని పంపించాక, పరీక్షాధికారి నన్ను దగ్గరికి పిలిచారు.

"ఏవండీ మాస్టారూ, ఈ పథకంలో రాసుకున్నదాంట్లో మీరు చెప్పింది ఒక్కటీ లేదే!"

"లేదండి."

"ఎన్నేళ్ళ సర్వీసు?"

"మూడేళ్ళండి."

"మూడేళ్ళూ ఇలాగే చెప్పారా పాఠాలు?"

అవునంటే మంచి మార్కులు పడతాయేమో. నా చూపు మాత్రం ఆఖరి బల్ల మీద పడింది.

"లేదండి. మూడు వారాలనుంచి" అన్నాను.

ఆయన పుస్తకం మూసేశారు. "సరే, వెళ్ళండి" అన్నారు. ఆ సరే ఎటువైపు సరేనో నాకు అంతుపట్టలేదు.

బయట రెండు జడల పిల్ల, ఇంకో నలుగురు నా కోసం నిలబడి ఉన్నారు. "పాసేనా సార్? మీరు తడబడతారేమోనని తొందర తొందరగా చెప్పేసినాం సార్" అంది. నన్ను ముంచబోయిన ఆ గోల నా మీద ప్రేమతో చేసిందట! నవ్వాలో ఏడవాలో తెలియక ఆ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టాను. ఉప్పు పొట్లం ఆ చేతిలోనే పెట్టి, వాళ్ళమ్మకి ఇమ్మన్నాను.

ఎండాకాలమంతా ఊళ్ళో అన్నం సయించక తిరిగాను. ఏమైందని మా అమ్మ అడిగితే ఎండ పడటం లేదన్నాను. ఒక మధ్యాహ్నం జువ్వలదిన్నె అబ్బాయి బస్సు దిగి, మా పొలం గట్టు మీద పేపరు ఊపుకుంటూ వచ్చాడు. దూరాన్నుంచే, "ఉండాదన్నా! నీ నంబరు ఉండాది!" అని అరిచాడు. పేపరు లాక్కుని చూశాను. ఉంది. వేలు పెట్టి మళ్ళీ చూశాను. ఉంది. గట్టు మీదే కూలబడ్డాను. మూడు నెలలుగా గుండెల మీద కూర్చున్న బరువు ఒక్కసారి దిగిపోతే మనిషి ఎంత తేలిగ్గా ఉంటాడో ఆ రోజు తెలిసింది. తర్వాతెప్పుడో అడిగాను, "నీ నంబరేదిరా?" అని. "నాదీ ఉండాదిలే అన్నా" అన్నాడు. తనది చూసుకోకముందే నాది వెతికాడట.

జూన్లో బడి తెరిచారు. హెడ్మాస్టరుగారు పర్మనెంటు ఆర్డరు చేతికిచ్చి, "ఏడాది పాటు ఏం నేర్పినారయ్యా నీకు?" అని నవ్వుతూ అడిగారు. చెబుదామనుకుని ఊరుకున్నాను. నేరుగా ఏడో తరగతికి పోయాను. నేను వెళ్ళేటప్పుడు ఆరులో ఉన్న పిల్లలే. అలవాటు ప్రకారం నిశ్శబ్దమైపోయి, కళ్ళార్పకుండా చూస్తున్నారు.

"మన సముద్రం మనకి ఏ దిక్కున ఉంది?" అని అడిగి, నోరు మూసుకున్నాను.

పిల్లలు బిత్తరపోయారు. నేను ఎప్పుడూ వాళ్ళని అడిగి ఎరగను, అడిగి ఆగి ఎరగను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను ఎంచుకుంటూ నిలబడ్డాను. తొమ్మిది దగ్గర, కిటికీ పక్కన కూర్చున్న ఒకడు భయం భయంగా లేచి, "పడమర సార్" అన్నాడు.

మూడేళ్ళుగా నా తరగతిలో ఎవరూ ఒక్క తప్పు చెప్పలేదు. నేను ఎవర్నైనా అడిగితే కదా! వాడి తప్పు చెవిన పడగానే, నాకు ఉద్యోగం ఆ నిమిషంలోనే వచ్చినట్టనిపించింది.

"అట్టనా? రా నాయనా, బయటికి పోయి చూసొద్దాం" అన్నాను.